మామిడి కట్టెలో పసుపు

ఇనుమంతా పోయి కట్టె మాత్రమే మిగిలిన తుపాకి ఒకటి కొన్నాళ్లుగా నా మంచం పక్కన గోడకు ఆనుకొని ఉంది. మా ఊరి పెద్దరెడ్డి మనవడు తెచ్చి ఇచ్చిపోయాడు. లైసెన్సు ఎవరి పేరుకూ మార్చుకోలేదట. గొట్టాన్నీ దాని యంత్రాన్నీ పోలీసు స్టేషనులో ఒప్పజెప్పారట. కట్టె తమకు అక్కరలేదని వాళ్లు అన్నారట. "మీ నాయన చేసిందంట గదా పెద్దాయనా, పొయ్యిలో పెట్టేదానికి మనసు రాలేదు" అన్నాడు. మంచి పిల్లవాడే. చెప్పులు తొడుక్కుంటూ, "ఆ కాలమే వేరులే, ఊరంతా ఒక కుటుంబం మాదిరి బతికినారు మీరు" అని ఒక్క మాట అనకుండా ఉంటే ఇంకా మంచివాడని అనుకునేవాణ్ని. ఈ మధ్య పెళ్లికి పోయినా, చావుకు పోయినా ఆ మాటే వినబడుతోంది. అనేవాళ్లలో ఆ కాలాన్ని చూసినవాడు ఒక్కడూ ఉండడు. ఆ కుటుంబంలో ఎవరు కూర్చున్నారో, ఎవరు నిలబడ్డారో, ఎవరి చెయ్యి పోయిందో చెప్పగలిగినవాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. నేను ఇంకా పోలేదు కాబట్టి రాస్తున్నాను.

మా ఊరు బనగానపల్లె దిక్కున, మామిడి తోటలు అయిపోయి రాతినేల మొదలయ్యే చోట ఉంటుంది. మేము వడ్లవాళ్లం. బండ్లు, నాగళ్లు, గుంటకలు, తలుపులు, పాడె కట్టెలు కూడా మా చేతి మీదుగానే పోయేవి. ఇంటి ముందు బోదగడ్డి కప్పిన కొట్టం, అందులో ఎప్పుడూ తుమ్మచెక్క పుల్లటి వాసన. మా అమ్మ తెల్లవారుతూనే చిత్రిక పొట్టు ఒక గంపెడు ఎత్తుకుపోయి పొయ్యి రాజేసేది. అందుకని మా ఇంట్లో జొన్నరొట్టెకు కూడా కట్టె వాసన ఉండేది. ఇప్పటికీ వట్టి జొన్నరొట్టె తింటే నాకు ఏదో తక్కువైనట్టే ఉంటుంది. మా నాయన ఉలిని కళ్లకద్దుకొని గానీ పనికి కూర్చునేవాడు కాదు. కోసిన కట్టె ముఖానికి నాలుక కొన ఆనించి, కళ్లు మూసుకొని, అది ఎంత ఆరిందో చెప్పేవాడు. మాట తక్కువ. నేను బడి గడప తొక్కింది లేదు, ఆయనా అంతే. ఆయన నాకు నేర్పింది ఒక్కటే చదువు, కట్టె ఎటు పోవాలనుకుంటుందో కనిపెట్టడం.

బండి చక్రం చేసేవాడికి నీళ్లంటే దేవుడితో సమానం. ఎర్రగా కాల్చిన ఇనుప పట్టాను చక్రానికి ఎక్కించి పైన నీళ్లు కుమ్మరిస్తే పట్టా బిగుసుకుంటుంది. ఎండాకాలం ఆకులు, అంటే నడిమి పుల్లలు, వదులైన చక్రాన్ని ఊరి వంకలోని నీళ్లలో నిలబెడితే కట్టె నీళ్లు తాగి, ఉబ్బి, తనంత తానే బిగుస్తుంది. ఇనుమూ కట్టే కలిసే చోట, కట్టెలో కట్టె దిగే చోట, లోపల నూనె చుక్క తగలనిచ్చేవాళ్లు కాదు. నూనె తగిలితే జారుతుంది, పట్టు ఉండదు. నిగనిగలన్నీ బయటికే. మా తాత చేసిందీ అదే, ఆయన తాత చేసిందీ అదే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత జరిగినదంతా దీని మీదే నిలబడి ఉంది.

పెద్దరెడ్డికి ఒక చిన్న తుపాకి ఉండేది. కర్నూలు విడిచిపోతున్న ఒక దొర దగ్గర కొన్నాడు. చిటికెన వేలంత తూటా. కొట్టే సూది దాని అడుగున నడిమధ్య కాక అంచు మీద పొడుస్తుంది, మందు ఆ అంచులోనే ఉంటుంది. కుందేళ్లకూ కౌజుపిట్టలకూ, తోటలో చిలకల్ని బెదరగొట్టడానికీ పనికొచ్చేది. ఒకసారి అది బండిలోంచి జారిపడి చక్రం కింద నలిగింది. గొట్టానికి ఏమీ కాలేదు, దొరల కట్టె రెండు చీలికలైంది. ఆ చక్రం చేసింది మా నాయనే కాబట్టి కట్టె కూడా ఆయనే చెయ్యాలని రెడ్డి నవ్వుతూ మా కొట్టానికి వచ్చాడు.

"నా దగ్గర ఇరుగుడు చెక్క ఉండాది రెడ్డీ. నల్లగా రాయి మాదిరి ఉంటాది, కదలదు" అన్నాడు మా నాయన.

"ఇరుగుడు యాడైనా దొరుకుతాది లేప్పా ఆచారీ. మా తాత నాటిన మామిడిమాను నిరుడు గాలికి పడింది గదా, దాంతో చెయ్. తుపాకి మా ఇంటిదైనప్పుడు కట్టె కూడా మా ఇంటిదే కావాల."

"మామిడి నీళ్లు తాగుతాది రెడ్డీ."

"నేనేమన్నా తుపాకిని కుందూ ఏట్లో ఈత కొట్టిస్తానా?"

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. వాళ్ల పని అది. మా నాయన కూడా నవ్వాడు.

ఆ కట్టెలో ఆ ఇనుమును కూర్చోబెట్టడం నాకు బతుకులో తెలిసిన మొదటి పెద్ద చదువు. అప్పటికి నాకు మీసాలు వచ్చాయి, చక్రం నేనొక్కణ్నే చెయ్యగలను. నాయన దాన్ని 'పడక' అనేవాడు. గొట్టానికి పడక వెయ్యాల, నిద్రలో మసలకూడదు అనేవాడు. దీపం మసిని ఆముదంలో కలిపి నేను ఇనుముకంతా పల్చగా పూసేవాణ్ని. దాన్ని తొలిచిన గాడిలో దించి, కొయ్యసుత్తితో ఒక్కటి తట్టి, మళ్లీ ఎత్తేవాళ్లం. ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ కట్టెకు నల్లచుక్క అంటుకొని ఉండేది. ఆ చుక్కను ఆముదం జిడ్డుతో సహా గాజుపెంకుతో గీకాలి, మళ్లీ మసి పూయాలి, మళ్లీ దించాలి. పొద్దున కూర్చుంటే ఎండ కొట్టంలో ఈ గుంజ నుంచి ఆ గుంజ దాకా జరిగేది, మా చేతులు మోచేతి దాకా నల్లగా అయ్యేవి, ఇనుము మాత్రం గాడిలో వెంట్రుక వాసి కూడా దిగినట్టు అనిపించేది కాదు. "ఏం అల్లుడా, తుపాకికి కాటుక పెడతాండారా, పెండ్లి యెప్పుడు?" అని హుసేని ఎగతాళి చేసేవాడు.

హుసేని దూదేకులాయన, రెడ్డి మామిడి తోటకు కాపలా. మా నాయనకు ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు. మాపటేళ తోట నుంచి వచ్చి మా కొట్టంలో దుంగ మీద కూర్చొని బీడీలు చుట్టుకునేవాడు. వడిసెలలో రాయి పెట్టి తిప్పి వదిలాడంటే కొమ్మకు తగలకుండా చిలకను లేపేవాడు. పిందె రాలితే సిగ్గుపడేవాడు. మా నాయన రోజంతా మాట్లాడని మాటలు ఆ కాసేపు ఆయనతో మాట్లాడేవాడు.

మొదట మేము తుపాకిని చక్రం మాదిరే బిగించాం. గొట్టం పొడవునా కట్టె అంటుకొని, సందు లేకుండా. చూడ్డానికి అచ్చు పోసినట్టు ఉంది. రెడ్డి తోటలో పిడక మీద సున్నం చుక్క పెట్టి కాల్చాడు. తూటాలు ఒకటి తూర్పు, ఒకటి పడమర. మా నాయన దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. గొట్టాన్ని విడిగా పురితాడుకు వేలాడదీసి ఉలిపిడితో తట్టి విన్నాడు. గంట మోగినట్టు మోగింది. కట్టెలో బిగించి తట్టాడు. మట్టిని కొట్టినట్టు ఉంది. "మొయ్యాల్సిన చోట మొయ్యాల, మిగతా చోట వదిలెయ్యాల. మనం గొంతు పిసుకుతాండాం" అన్నాడు. యంత్రం కూర్చునే చోట, మరలు దిగే చోట మాత్రం గట్టిగా ఉంచి, గొట్టం కింద ముందు భాగమంతా గీకడం మొదలుపెట్టాం. ఎంత గీకాలి? హుసేని చుట్టుకుంటున్న బీడీ ఆకును నాయన ఆయన చేతిలోంచి లాక్కున్నాడు. గొట్టానికీ కట్టెకూ నడుమ ఆ ఆకు ఈ చివర నుంచి ఆ చివర దాకా తగలకుండా జారాలి. అదే మా కొలత. "నా బీడీలన్నీ మీ తుపాకే తాగుతాది" అన్నాడు హుసేని.

ఈసారి తోటలో తూటాలన్నీ ఒక తమలపాకు కింద దాగేంత చోట పడ్డాయి. రెడ్డి మా నాయన భుజం తట్టాడు. బయట అవిసెనూనె పట్టించి, అరచేత్తో రుద్ది రుద్ది తేనెరంగు తెచ్చి, అప్పజెప్పాం. లోపల మాత్రం నూనె తగలని వట్టి కట్టె. లోపల నూనె పూయాలని మా ఇద్దరికీ తోచలేదు. మా తాతల్లో ఎవరికీ తోచి ఉండేది కాదు.

దసరా వచ్చింది. మా ఊళ్లో మహర్నవమి నాడు ఆయుధపూజ, మరునాడు పార్వేట. పార్వేట అంటే చెన్నకేశవస్వామి వేటకు బయలుదేరడం. ఉత్సవ విగ్రహాన్ని ఊరి బయటి బీడుకు తీసుకుపోతారు, అక్కడ స్వామి తరఫున ఊరిపెద్ద తుపాకి పేల్చాలి. అంతకుముందు అయితే పాతకాలపు మందు తుపాకి, గుండు లేకుండా ఉత్త చప్పుడు. ఆ చప్పుడుకు పూజారి టెంకాయ పగలగొట్టేవాడు. ఆ ఏడు రెడ్డికి కొత్త ఆలోచన పుట్టింది. గురి తప్పని తుపాకి చేతిలో ఉండగా ఉత్త చప్పుడెందుకు, టెంకాయను తూటాతోనే కొడతానన్నాడు. కర్ర కొనకు టెంకాయ కట్టి ఒక మనిషి చెయ్యి చాపి పట్టుకోవాలి. ఎవరు పట్టుకుంటారని అడిగితే హుసేని ముందుకొచ్చాడు. "మా ఆచారి వేసిన పడక. నాకేం భయం?" అన్నాడు. మా నాయన ఆ రోజు గడ్డం గీయించుకొని, ఉతికిన పంచె కట్టుకొని ఉన్నాడు. ఆయన ముఖంలో గర్వం చూసింది నేను ఆ ఒక్కసారే.

ముందునాడు రెడ్డి ఇంట్లో పూజ ఎట్లా జరిగిందో ఊరంతా చూసింది, నేనూ చూశాను. రెడ్డి తల్లి, ఊరంతా పెద్ద రెడ్డెమ్మ అనేవాళ్లం, నాగళ్లనూ గుంటకలనూ బండి చక్రాలనూ కడిగినట్టే తుపాకిని కూడా కడిగింది. చెంబుతో పసుపునీళ్లు తల నుంచి కాలి దాకా పోసింది. గంధం, కుంకుమ, బంతిపూల దండ. తర్వాత దాన్ని తడిగుడ్డ పరిచిన పీట మీద నిలబెట్టి తెల్లవార్లూ వదిలేశారు. ఆమె తప్పు లేదు. నీళ్లు తగిలితే ఆయుధం బిగుస్తుందనేది ఆమె పుట్టినప్పటి నుంచి చూసిన సంగతి. బండికి నిజమూ అదే.

బీడులో తుపాకి పేలింది. టెంకాయ అట్లాగే ఊగుతూ ఉంది. దానికి బెత్తెడు ఇవతల కర్రను పట్టుకున్న పిడికిలి ఎర్రగా అయింది. హుసేని కర్రను కింద పడనియ్యకుండా ఎడమ చేతికి మార్చుకొని, స్వామి టెంకాయ నేల తాకకూడదని, దాన్ని పూజారికి అందించి కూర్చున్నాడు. డప్పులవాళ్లు ఇంకా కొడుతూనే ఉన్నారు, వాళ్లకు తెలియలేదు.

కట్లు కట్టారు, ఆకుపసరు పోశారు. చెయ్యి చీము పట్టి మోచేతి దాకా ఉబ్బినాక బండిలో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మణికట్టు దగ్గర తీసేశారు. పోలీసుల దాకా పోలేదు; పోనియ్యలేదు అనాలి. హుసేని తిరిగివచ్చాక రెడ్డి తన ఇంటి వసారాలో పంచాయితీ పెట్టాడు. ఎవరి తుపాకో, ఎవరు పేల్చారో వాళ్లే న్యాయం చెప్పే కుటుంబం మాది.

"నా గురి తప్పేది కాదు, ఆ పిడకలు మీరంతా చూసినారు" అన్నాడు రెడ్డి. "గొట్టం దొరలది, అదీ తప్పదు. నడమ ఉండేది కట్టె ఒకటే. ఏమప్పా ఆచారీ, నువ్వే చెప్పాల."

మా నాయన తుపాకి తెమ్మన్నాడు. కుడిచేతి గుడ్డమూట ఒళ్లో పెట్టుకొని గోడకు కూర్చున్న హుసేని, ఏమీ అడక్కుండానే ఎడమ చేత్తో జేబులోంచి ఒక బీడీ ఆకు తీసి ఇచ్చాడు. నాయన దాన్ని గొట్టం కింద దూర్చి లాగాడు. ఒక పక్క జారింది. ఇంకో పక్క నడిమధ్య ఆగిపోయింది. నీళ్లకు ఉబ్బిన కట్టె, ఆరినాక కూడా సర్దుకోక, గొట్టాన్ని పక్కకు తోసింది. ఆకు చిరిగింది. వసారాలో అందరూ చూశారు.

నేను ఉండబట్టలేకపోయాను. "ఆకు పొయ్యేదెట్ల? రెడ్డెమ్మ చెంబులు చెంబులు పసుపునీళ్లు పోసింది గదా, తెల్లార్లూ తడిగుడ్డ మీద పెట్టినారు గదా! మీరంతా ఆడనే ఉండారు, చెప్పరేమి?" అన్నాను.

ఒక్కరూ తలెత్తలేదు. తలుపు చాటున గాజుల చప్పుడైంది. రెడ్డి గొంతు పెంచలేదు. "అంటే, మా అమ్మ పూజ చేస్తే వాని చెయ్యి పోయిందంటావా రా?" అన్నాడు.

నా చెంప పేలింది. కొట్టింది రెడ్డి కాదు, రెడ్డి మనుషులూ కాదు. ఎప్పుడు లేచాడో, మా నాయన.

"చిన్నోడు, తెలీక మాట్లాడినాడు" అన్నాడు వాళ్లతో. "పడక నాది. లోపల నూనె పూయనిది నేను. తప్పు నాదే రెడ్డీ."

అయిపోయింది. కళ్లంలో ఏటా రైతులు మా పనికి కొలిచే మేరలో సగం ఇకమీదట హుసేనికి పోవాలని తీర్పు చెప్పారు. తుపాకి పేల్చినవాడి గాదె లోంచి ఒక్క గింజ కదల్లేదు. వడ్లవాడి కూడు తీసి కాపలావాడికి పెట్టి, ధర్మం నిలబెట్టామని తాంబూలాలు వేసుకున్నారు. తోట కాపలాకు వేరేవాణ్ని పెట్టుకున్నారు. ఒంటి చేత్తో వడిసెల తిప్పలేరు కదా.

ఆ తర్వాత హుసేని మా కొట్టానికి ఒకే ఒక్కసారి వచ్చాడు. దుంగ మీద కూర్చోలేదు.

"ఎందుకు ఒప్పుకుంటివి అన్నా?" అన్నాడు.

"నిజమే గదా హుసేనప్పా. నూనె పూసింటే నీళ్లు ఏం చేసేటివి?"

"నీళ్లు పోయకుంటే నూనె ఎందుకు?"

నాయన ఉలిని రాతికి ఆనించాడు. "పూజలో తప్పుండాదని చెప్పి ఈ ఊర్లో యాడ బతకాల? నువ్వు చెప్పలేదే?" అన్నాడు.

హుసేని కూడా చెప్పలేదు. చెయ్యి పోయినవాడే చెప్పలేదు. ఆయన చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. తర్వాత ప్రతి ఏటా కళ్లంలో ఇద్దరూ ఒకే రాశి పక్కన ఎవరి గోతాం వాళ్లు పట్టుకొని నిలబడేవాళ్లట, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా. అట్లా నిలబడేట్టు చేసినందుకే ఆ తీర్పు చెప్పినవాళ్లను నేను ఈనాటికీ క్షమించలేదు. చెయ్యి పోవడం ఒక క్షణం పని. ఇది ఏళ్ల తరబడి కోసిన కోత.

నేను ఆ వారమే ఇల్లు విడిచి డోన్‌కు పోయాను. రైల్వే గూడ్సు షెడ్డులో మూటలు మోశాను, తర్వాత పెట్టెలు కొట్టే పని దొరికింది. బొరుగులు కట్టిచ్చిన కాగితాలు విప్పి అక్షరాలు నేర్చుకున్నాను. అప్పుడప్పుడు ఇంటికి పోయేవాణ్ని. నాయన కట్టె గురించి మాట్లాడేవాడు, వాన గురించి మాట్లాడేవాడు. ఆ చెంపదెబ్బ గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒకసారి మా అమ్మ మాత్రం చెప్పింది, రెడ్డి ఆ తుపాకిని మళ్లీ మా నాయన దగ్గరికే పంపాడని, ఆయన మాట లేకుండా తీసుకొని బాగుచేసి ఇచ్చాడని. ఇంత బతుకు బతికి ఆ తుపాకిని మళ్లీ ఎట్లా ముట్టుకున్నాడని చాలా ఏళ్లు ఆయన్ను లోపల తిట్టుకున్నాను. ఆయన పోయినప్పుడు కూడా ఆ తిట్టు నాతోనే ఉంది.

ఇప్పుడు ఆ కట్టె నా ముందు ఉంది. ఇనుము లేదు కాబట్టి గాడి అంతా తెరిచిన అరచేయి మాదిరి కనబడుతుంది. ఉబ్బిన పక్కను నాయన మళ్లీ గీకాడు. గాజుపెంకు గీతలు సన్నగా, ఒకే దిక్కుకు, తొందర లేకుండా ఉన్నాయి. ఈసారి లోపలంతా నూనె తాగించాడు, ఒకటికి పదిసార్లు తాగించి ఉంటాడు, అద్దంలా ఉంది. ముందు కొనలో, గొట్టం తగలని చోట, బొటనవేలంత మేర మాత్రం గీకలేదు. అక్కడ పసుపు ఉంది. కట్టె రంధ్రాల్లోకి ఇంకిన పసుపు, దాని మీద నూనె. గాలి తగలక, వెలుతురు తగలక, నిన్న పోసినట్టే ఉంది. మొదట చూసి, తగలని చోట గీకాల్సిన పని లేదు కాబట్టి వదిలేశాడులే అనుకున్నాను. తర్వాత దాని అంచు చూశాను. చుట్టూ ఉలికొనతో సన్నగా ఒక గీత, నాలుగు మూలలు తీర్చి, తలుపు మీద దేవుడి పటానికి చోటు గీసినట్టు గీసి ఉంది. మరక వదిలేసేవాడు దాని చుట్టూ గీత గియ్యడు.

వసారాలో నన్ను కొట్టిన మనిషి కొట్టంలో కూర్చొని ఈ పని చేశాడు. నోటితో చెప్పలేనిది నూనె కింద దాచిపెట్టి, ఎవడైనా ఎప్పుడైనా విప్పి చూస్తాడని రెడ్డి ఇంటికే పంపించాడు. స్టేషనులో ఇనుము ఊడదీసే దాకా ఎవరూ విప్పనే లేదు. తుపాకి బాగా కొడుతోంది, విప్పడం ఎందుకు? తూటాలు మళ్లీ తమలపాకు కింద పడుతున్నాయి, అంతే వాళ్లకు కావాల్సింది. హుసేనికి చూపించి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఆయనా లేడు. నాయన మీద నా కోపం ఇంకా పోలేదు, అబద్ధం చెప్పను. కాని ఇన్నాళ్లూ అది ఒక్క ముక్కగా ఉండేది. ఇప్పుడు దానికి ఒక పక్క బీడీ ఆకు జారేంత సందు ఏర్పడింది.

ఇప్పటి తుపాకులకు కట్టెలు ఉండవట, అచ్చు పోసిన ప్లాస్టిక్కట, నీళ్లు పోసినా ఉబ్బవట. మంచిదే. మనుషులు మాత్రం నాకు అంతే కనబడుతున్నారు. ఎక్కడ ఏది పేలినా వసారాలో కూర్చున్నవాళ్లు ముందు వెతికేది నిలబడి ఉన్నవాణ్నే. చూసినవాళ్లు తలెత్తరు.

నిన్న రెడ్డి మనవడు ఫోన్ చేశాడు. "పెద్దాయనా, దసరా వస్తాంది. మా తాత వస్తువు ఒక్కటీ ఇంట్లో లేదని మా అమ్మ బాధపడతాంది. ఆ కట్టె ఉండాదా? ఆయుధపూజలో పెట్టుకొని మళ్లీ నీకే తెచ్చిస్తా" అన్నాడు.

"ఉండాది నాయనా" అన్నాను. "ఇస్తా. అయితే నువ్వే రావాల. తీసుకపొయ్యేముందు నా పక్కన కూర్చోని లోపల ఒకసారి చూడాల."

"లోపల ఏముండాది?" అన్నాడు.

"వస్తే చూపిస్తా" అన్నాను.

రేపు పొద్దున వస్తానన్నాడు. కట్టెను గోడ దగ్గర నుంచి తీసి, గాడి పైకి వచ్చేట్టు కిటికీ కింది బల్ల మీద పెట్టాను. పొద్దున ఎండ ముందు అక్కడే పడుతుంది.